వెన్నుపూసలో పగులు, మూడు నెలలు ఆట బంద్: ఇంట్లో పాపను ఎలా చూసుకున్నారు?

నిద్రలేని_అమ్మ:
మా పాపకు పదకొండేళ్ళు. ఆరేళ్ళప్పుడు జిమ్నాస్టిక్స్‌లో చేర్చాం, ఇప్పుడు వారానికి 16 గంటల ప్రాక్టీస్. రెండు నెలల నుంచి నడుం కింద నొప్పి అంటోంది. వెనక్కి వంగినప్పుడే ఎక్కువ, బ్రిడ్జ్‌లో, బ్యాక్ వాకోవర్‌లో. మొదట ఎక్స్‌రే తీయించాం, ఏమీ లేదన్నారు. మళ్ళీ ప్రాక్టీస్‌కు పంపాం. పోయిన వారం ఎంఆర్ఐ తీస్తే నడుం కింద ఉండే ఎల్ 5 పూసలో స్ట్రెస్ ఫ్రాక్చర్, అంటే పదే పదే ఒత్తిడి పడి వచ్చే పగులు అని తేలింది. స్పాండిలోలైసిస్ అంటారట. కనీసం మూడు నెలలు ఆట బంద్.

అడగాలనుకున్నవి ఇవి. నడుముకు బ్రేస్, అంటే కదలకుండా పట్టే గట్టి పట్టీ వేయమని ఒక డాక్టర్, అక్కర్లేదని ఇంకో డాక్టర్. మీరేం చేశారు? ఈ మూడు నెలలు జిమ్‌కు తీసుకెళ్ళి కూర్చోబెట్టాలా, ఆ దరిదాపులకే వెళ్ళకూడదా? తన బ్యాచ్ పిల్లలంతా వచ్చే నెల మీట్‌కు, అదే పోటీకి వెళ్తున్నారు, ఆ రోజు ఇంట్లో ఎలా గడపాలి? తిరిగి మొదలుపెట్టాక పాత స్కిల్స్ రావడానికి మీ పిల్లలకు ఎన్నాళ్ళు పట్టింది?

రాత్రిళ్ళు ఇరవై నిమిషాలు ఐస్ పెడుతున్నాను, అప్పుడు కాస్త కన్ను మూస్తోంది.

ఇంకో మాట. ఎక్స్‌రే చూపించుకుని వస్తూ కారులో "చూశావా, ఏం లేదు, ఊరికే కంగారు పెట్టావు" అన్నాను. ఆ రోజు నుంచి నొప్పి అన్న మాట నా దగ్గర ఎత్తలేదు. మూడు వారాలు. "ల్యాండింగ్‌లో పళ్ళు బిగిస్తోంది మేడమ్" అని కోచ్ ఫోన్ చేస్తే గానీ నాకు తెలియలేదు. అది తలుచుకుంటే నిద్ర పట్టడం లేదు.

ఎల్5_నాన్న:
మాదీ ఇదే కథ, అదే పూస. మా అమ్మాయికి అప్పుడు పదమూడు. మాకు బ్రేస్ వేశారు, పన్నెండు వారాలు, స్నానానికి తప్ప తీసేది లేదు. బ్రేస్ వల్ల ఎముక అతుక్కోదండీ, పిల్ల వెనక్కి వంగకుండా అది ఆపుతుంది, అంతే. బ్రేస్ లేకుండా మానిన పిల్లలూ ఉన్నారు. మా డాక్టర్ సూటిగా అడిగారు, "మీ అమ్మాయి చెప్పిన మాట వింటుందా?" అని. వినదు అన్నాను. అయితే వేద్దాం అన్నారు.

లోపల కుట్లు లేని పలచటి బనీను వేయండి. మొదటి వారం మామూలు బనీను వేశాం, కుట్టు దగ్గర చర్మం కందిపోయి బొబ్బ వచ్చింది. అప్పటి నుంచి రోజూ సాయంత్రం బ్రేస్ విప్పి నడుం చుట్టూ వేలితో తడిమి చూసేవాడిని. నొప్పికి ఏడవని పిల్ల, క్లాసులో కింద పడ్డ పెన్ను వంగి తీసుకోలేకపోయానని ఇంటికొచ్చి గంట సేపు ఏడ్చింది. టీచర్‌కు ముందే చెప్పి పెట్టండి.

మణికట్టు_మాధ్యమం:
"ఎక్స్‌రేలో ఏమీ లేదు" అన్న మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. మా బాబుకు మణికట్టు. పిడులున్న బల్ల లాంటి పామెల్ హార్స్ మీద బరువంతా చేతుల మీదే కదా. మొదటి ఎక్స్‌రే శుభ్రంగా ఉంది. బెణుకే అన్నారు. కట్టు కట్టి ఆడించాం. మూడు నెలల తర్వాత తీస్తే ముంజేతిలోని రేడియస్ ఎముక చివర గ్రోత్ ప్లేట్, అంటే పిల్లల్లో ఎముక పెరిగే చోటు, వెడల్పుగా సాగి కనిపించింది. అది అలాగే నలుగుతూ ఉంటే ఆ ఎముక ముందే పెరగడం ఆపేస్తుందట, పక్కనున్న అల్నా ఎముక పెరిగిపోతుందట, జీవితాంతం మణికట్టు నొప్పి మిగులుతుందట. ఇది మాకు ముందు చెప్పిన వాళ్ళు లేరు. పిల్లలకు ఎముకల్ని కలిపే లిగమెంట్ల కంటే గ్రోత్ ప్లేటే బలహీనం, పెద్దవాళ్ళకు బెణికే చోట వీళ్ళకు ఎముక దెబ్బతింటుంది. నొప్పి రెండు వారాలు దాటితే ఎక్స్‌రే ఎలా ఉన్నా ఊరుకోకండి.

ఐస్_వద్దు:
అమ్మా, ముందు ఆ ఐస్ ఆపండి. ఐస్ పెడితే వాపు తగ్గుతుంది, వాపుతో పాటు మానడం కూడా ఆగుతుంది. విశ్రాంతి, ఐస్, కట్టు, ఎత్తున పెట్టడం అనే సూత్రాన్ని 1978లో రాసిన డాక్టర్ గేబ్ మిర్కినే 2014లో వెనక్కి తగ్గారు, ఐస్ వల్ల మానడం ఆలస్యం కావచ్చని ఆయనే రాశారు. 2019లో వచ్చిన కొత్త సూత్రంలో ఐస్ అన్న అక్షరమే లేదు. ఇంకా పాత పద్ధతులు పట్టుకుని పిల్లల మీద ప్రయోగాలు ఎందుకు?

మణికట్టు_మాధ్యమం:
ఆమె నొప్పికి పెడుతోంది, మానడానికి కాదు. పాప నిద్రపోతోంది అని రాసింది, చదివారా?

ఐస్_వద్దు:
చదివాను. నిద్ర కోసం రోజూ ఐస్ అలవాటు చేయమంటారా? మా అమ్మాయి మడమ నొప్పికి నాలుగు నెలలు ఐస్ పెట్టాం, బకెట్‌లో కాళ్ళు ముంచి. ఏడుస్తూ ముంచేది. ఒక్క పిసరు తగ్గలేదు. ఐస్ మానేసి, దూకడం తగ్గించి, పిక్క కండరాలకు వ్యాయామం మొదలుపెట్టాక తగ్గింది. ఆ నాలుగు నెలలు దాని పాదాలు నీలంగా మారడం నేను చూశాను.

ఫిజియో_18ఏళ్ళు:
నేను 18 ఏళ్ళుగా క్రీడాకారులకే ఫిజియో చేస్తున్నాను, జాతీయ స్థాయి పిల్లలు నా చేతుల మీదుగా వెళ్ళారు. ఇక్కడ అందరూ సగం సగం చదివి వాదిస్తున్నారు. మిర్కిన్ మాట కండరాలు, లిగమెంట్ల దెబ్బల గురించి. ఎల్ 5 పూసలోని పగులు వెన్ను కండరాల కింద ఎంతో లోతులో ఉంటుంది. చర్మం మీద పెట్టిన ఐస్ చల్లదనం అంత లోపలికి పోదు. కాబట్టి దానివల్ల ఎముక మానదు, మానడం ఆగదు. పైన పట్టేసిన కండరం వదులవుతుంది, నొప్పి మొద్దుబారుతుంది. పలచటి గుడ్డ చుట్టి పెట్టండి, నేరుగా చర్మానికి ఆనించకండి, ఇరవై నిమిషాలు దాటించకండి. ఐస్_వద్దు గారూ, మీ అమ్మాయి మడమది సీవర్స్, ఎదిగే వయసులో మడమ గ్రోత్ ప్లేట్‌కు వచ్చే నొప్పి, అది వేరే సంగతి.

ఐస్_వద్దు:
సీవర్స్ అని నేను చెప్పానా? స్కాన్ చూడకుండానే ఎలా పేరు పెట్టేశారు? 18 ఏళ్ళ అనుభవం అంటే ఇదేనా?

ఫిజియో_18ఏళ్ళు:
ఎదిగే వయసు, మడమ, దూకితే నొప్పి, పిక్క వ్యాయామానికి తగ్గింది. సీవర్స్ కాకపోతే ఏంటో మీరే చెప్పండి.

ఐస్_వద్దు:
సీవర్సే. కానీ మీరు అన్న తీరు నాకు నచ్చలేదు.

చాక్_పొడి:
మా ఇంట్లో అయితే వేడి కాపడమే పనిచేసింది. కండరం పట్టేస్తే వేడే. ఐస్ పెడితే మా వాడు బిగుసుకుపోతాడు.

ఎల్5_నాన్న:
ఐస్, కాపడం సంగతి మీరు ఇంకో చోట తేల్చుకోండి దయచేసి. ఆమె నాలుగు ప్రశ్నలు అడిగింది. జిమ్‌కు పంపాలా అన్నదానికి ఇంకా జవాబే రాలేదు. మేం మొదటి నెల పంపలేదు. అది తప్పు. ఇంట్లో కూర్చుని ఫ్రెండ్స్ వీడియోలు చూస్తూ ఉండేది. రెండో నెల నుంచి వారానికి రెండు రోజులు పంపాం. ఫిజియో రాసిచ్చినవే చేసేది, వెల్లకిలా పడుకుని పొట్ట బిగించి పట్టడం, పాదాల వ్యాయామం, వంగడం లేదు, మెలి తిరగడం లేదు. అంత చిన్న పనికే మొహం విప్పారింది.

పాత_జిమ్నాస్ట్_కోచ్:
పన్నెండేళ్ళు ఆడాను, ఇరవై ఏళ్ళుగా నేర్పుతున్నాను. ఒకటి చెబితే కోపం తెచ్చుకోకండి. ఈ తరం తల్లిదండ్రులు ప్రతి నొప్పికీ స్కాన్ తీయిస్తారు. మా రోజుల్లో చేతులు చిట్లి రక్తం కారుతుంటే టేప్ చుట్టి బార్స్ ఎక్కేవాళ్ళం. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో అమెరికా జిమ్నాస్ట్ కెర్రీ స్ట్రగ్ చీలమండ దెబ్బతిన్నా పరిగెత్తి రెండో వాల్ట్ (చేతులు ఆనించి దూకే అంశం) చేసింది, ఒంటి కాలి మీద నిలబడింది, జట్టుకు బంగారం వచ్చింది. ఆ మొండితనం లేకపోతే ఈ ఆట రాదు. నా దగ్గర ఇన్నేళ్ళలో ఒక్క పిల్లకూ వెన్ను ఫ్రాక్చర్ రాలేదు.

మణికట్టు_మాధ్యమం:
రాలేదా, మీకు చెప్పలేదా?

మోకాలి_అమ్మ:
స్ట్రగ్ పేరు ఎవరెత్తినా నేను ఇదే చెబుతాను. ఆ రెండో వాల్ట్ లేకపోయినా అమెరికా జట్టుకు బంగారం వచ్చేదే, తర్వాత స్కోర్లు లెక్క వేస్తే తేలింది. ఆ అమ్మాయి మాత్రం ఆ కాలితో ఆల్ అరౌండ్ ఫైనల్ ఆడలేకపోయింది, వాల్ట్, ఫ్లోర్ ఫైనల్స్ కూడా పోయాయి. అప్పటికి ఆమెకు 18 ఏళ్ళు. ఇక్కడ మనం మాట్లాడుతున్నది పదకొండేళ్ళ పిల్ల గురించి సర్.

మా పెద్దమ్మాయికి పద్నాలుగేళ్ళప్పుడు ఫ్లోర్ మీద ల్యాండింగ్‌లో మోకాలు లోపలికి మడత పడింది. ఏసీఎల్ అనే మోకాలి లిగమెంట్ తెగింది. ఆ చప్పుడు గ్యాలరీలో కూర్చున్న నాకు వినిపించింది. ఆ సంవత్సరమంతా మడమలు నొప్పి, మోకాలు నొప్పి అంటూనే ఉంది, "ఓర్చుకో" అన్న కోచ్ మాటే నేనూ ఇంట్లో చెప్పాను. ఓర్చుకుంది.

పాత_జిమ్నాస్ట్_కోచ్:
అమ్మా, ఏసీఎల్ ఓర్చుకుంటే తెగదు, ల్యాండింగ్ టెక్నిక్ బాగాలేక తెగుతుంది. రెండూ కలపకండి. నేను పిల్లల్ని విరిగిన కాలుతో ఆడించమనలేదు. నొప్పుల్లో తేడా తెలుసుకోమంటున్నాను. కండరం సాగే నొప్పి వేరు, ఎముక నొప్పి వేరు.

మోకాలి_అమ్మ:
ఆ తేడా పదకొండేళ్ళ పిల్లకు ఎవరు నేర్పుతారు? "ఇది సాగే నొప్పి, ఇది కాదు" అని మీ జిమ్‌లో ఏ రోజైనా కూర్చోబెట్టి చెప్పారా? మా అమ్మాయికి ఎవరూ చెప్పలేదు.

పాత_జిమ్నాస్ట్_కోచ్:
కూర్చోబెట్టి చెప్పలేదు. నిజమే. "ఎక్కడ నొప్పి, వేలితో చూపించు" అని మాత్రం అడుగుతాను. అరచేతితో తడిమి చూపిస్తే ఎక్కువగా కండరం. ఒక్క వేలు పెట్టి ఒకే చోట చూపిస్తే నేను ఆపేస్తాను. వెన్నుకు ఇంకొకటి చూస్తాను, ఒంటి కాలి మీద నిలబడి వెనక్కి వంగమంటాను. ఒక వైపు గుచ్చినట్టు నొప్పి అంటే ఆ రోజు నుంచి బ్రిడ్జ్ లేదు, డాక్టర్ దగ్గరికి పంపిస్తాను.

ఫిజియో_18ఏళ్ళు:
ఆ పరీక్ష ఒక్కటే నమ్ముకోవద్దు, పగులు ఉన్నా కొందరికి అందులో నొప్పి రాదు. కానీ వేలి సంగతి మంచిది. నేనూ అదే అడుగుతాను.

నిద్రలేని_అమ్మ:
మా పాప ఒక్క వేలితోనే చూపించింది. మొదటి రోజే.

రెండు_జడల_తల్లి:
ఇక్కడ అడగవచ్చో లేదో తెలియదు. పాప తిండి ఎలా ఉంది? మా అమ్మాయికి పదిహేనేళ్ళకు కాలి ఎముకలో స్ట్రెస్ ఫ్రాక్చర్ వచ్చింది, మానాక ఆరు నెలల్లో ఇంకోటి. అప్పుడు డాక్టర్ ఆట గురించి అడగలేదు, పీరియడ్స్ వచ్చాయా అని అడిగారు. రాలేదు. ఒంటికి అతుక్కునే ఆట దుస్తుల్లో, లియోటార్డ్‌లో పొట్ట కనిపిస్తుందని సగం కంచంలోనే వదిలేస్తోందని నాకు అప్పుడే తెలిసింది. ఆటకు ఖర్చయ్యే శక్తికి తగ్గ తిండి లేకపోతే ఎముక పల్చబడుతుంది. 2014లో ఒలింపిక్ కమిటీ వైద్య నిపుణులు దీనికి రెడ్ ఎస్ అని పేరే పెట్టారు. విటమిన్ డి, కాల్షియం కూడా చూపించుకోండి. ఆట ఆగింది కదా అని ఇప్పుడు తిండి తగ్గించనివ్వకండి, ఎముక అతుక్కునేది ఇప్పుడే. లావైపోతానని భయపడతారు ఈ పిల్లలు. ఇంట్లో బరువు చూసే మిషన్ ఉంటే తీసి దాచేయండి.

చాక్_పొడి:
పదకొండేళ్ళకే అంత ఆలోచించాలా అండీ? పిల్లల్ని భయపెట్టినట్టు అవుతుంది.

రెండు_జడల_తల్లి:
మా అమ్మాయి మొదలుపెట్టింది పదకొండేళ్ళకే. నాకు తెలిసింది పదిహేనేళ్ళకు. మీరు అనుకున్నట్టే నేనూ అనుకున్నాను.

డైవింగ్_నాన్న:
నా అభిప్రాయం చాలామందికి నచ్చదు. ఇంత జరిగాక ఈ ఆట అవసరమా? మా అమ్మాయికి మోచేయి, ఎముక చివర ముక్క వదులై మోచేయి పట్టేసేది. పన్నెండేళ్ళు. ఆపరేషన్ అయ్యాక మాన్పించేశాం. తర్వాత డైవింగ్‌లో చేరింది. గాలిలో మెలికలు, పల్టీలు అన్నీ వచ్చేసి ఉన్నాయి కదా, ఏడాదికే తన వయసు వాళ్ళలో ముందుకెళ్ళింది. చదువుకూ టైం దొరికింది.

మోకాలి_అమ్మ:
మాన్పించారా, తనే మానిందా?

డైవింగ్_నాన్న:
మేమే. నాలుగు నెలలు నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఇప్పుడు మాట్లాడుతుంది.

మోకాలి_అమ్మ:
మా అమ్మాయి మానలేదు. ఆపరేషన్ తర్వాత తొమ్మిది నెలల లోపు దిగితే మళ్ళీ తెగే ప్రమాదం ఎక్కువని డాక్టర్ గట్టిగా చెప్పారు, మేం పదకొండు నెలలు ఆగాం. కాలు బాగానే ఉంది, మనసే రాలేదు. 10 సెంటీమీటర్ల బీమ్ మీద కళ్ళు మూసుకుని నడిచే పిల్ల, ఫ్లోర్ మీద వెనక్కి దూకాలంటే పరిగెత్తి వచ్చి ఆగిపోయేది. మళ్ళీ వెళ్ళేది, మళ్ళీ ఆగిపోయేది. ఒక రోజు పద్నాలుగు సార్లు లెక్కపెట్టాను. టోక్యో ఒలింపిక్స్‌లో అమెరికా జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్ జట్టు ఫైనల్ మధ్యలో తప్పుకుంది కదా, గాలిలో ఎక్కడుందో తెలియడం లేదని చెప్పి. మా అమ్మాయి ఆ వీడియో చూసి "ఆమెకూ వచ్చింది" అంది, అంతే అంది. బైల్స్ 2024 పారిస్‌లో మూడు బంగారాలు గెలిచింది. అది చెప్పి నేను ఒత్తిడి పెట్టలేదు. ఆగిపోయిందని కోచ్‌నూ అరవనివ్వలేదు. మళ్ళీ ఫోమ్ పిట్‌లోకి, మెత్తటి స్పాంజి ముక్కల గుంటలోకి దూకడం నుంచి మొదలుపెట్టించాం, చిన్న పిల్లల బ్యాచ్‌తో.

పాత_జిమ్నాస్ట్_కోచ్:
ఫోమ్ పిట్ నుంచి మొదలుపెట్టడం సరైన పని. అరిస్తే ఆ భయం ఇంకా గట్టిపడుతుంది. ఈ విషయంలో మీరే కరెక్ట్.

మన జిమ్నాస్ట్ దీపా కర్మాకర్ మోకాలి ఆపరేషన్ 2017లో. రియో ఒలింపిక్స్‌లో 0.150 పాయింట్ల తేడాతో కంచు పోయిన ఏడాదికే. 2018 జూలైలో టర్కీలోని మెర్సిన్‌లో వరల్డ్ కప్ వాల్ట్ బంగారం. మధ్యలో ఏడాదికి పైగా. పిల్లలకు స్ట్రగ్ కథ చెప్పే బదులు ఇది చెప్పాల్సింది నేను.

ఐస్_వద్దు:
ఒక సంగతి అడగాలి. బ్రేస్ వేసినప్పుడు ఐస్ ఎలా పెడతారు? తీసి పెట్టాలా?

ఎల్5_నాన్న:
మళ్ళీ ఐసా!

ఐస్_వద్దు:
నిజంగానే అడుగుతున్నాను. ఆమెకు ఉపయోగపడుతుందని.

ఫిజియో_18ఏళ్ళు:
బోర్లా పడుకోబెట్టి తీసి పెట్టవచ్చు, పొట్ట కింద పలచటి దిండు పెడితే నడుం వెనక్కి వంగదు. లేచేటప్పుడు పక్కకు తిరిగి చేతులతో లేవమనండి.

చాక్_పొడి:
మీట్ రోజు గురించి ఎవరూ చెప్పలేదు. మా వాడు కాలి వేలు విరిగి మీట్ తప్పినప్పుడు నేను వాడిని ఊరి బయటికి తీసుకెళ్ళాను, మర్చిపోతాడని. దారంతా స్కోర్లు చూస్తూనే ఉన్నాడు. అదే డబ్బు పెట్టి మీట్‌కే తీసుకెళ్తే సరిపోయేది. స్నేహితులకు చేతులకు రాసుకునే చాక్ పొడి అందించేవాడు కనీసం.

రెండు_జడల_తల్లి:
మా అమ్మాయి అయితే చూడలేనంది, ఇంట్లోనే ఉంది. పాపనే అడగండి. ముందు రోజు ఒక మాట చెప్పి, ఆ రోజు పొద్దున మనసు మారినా సరే అనండి.

నిద్రలేని_అమ్మ:
అందరికీ ఒక్కసారే రాస్తున్నాను, ఆలస్యమైంది, ఏమనుకోకండి. పది రోజులైంది. బ్రేస్ వేయించాం. మాదీ చెప్పిన మాట వినే పిల్ల కాదు. కుట్లు లేని బనీన్లు తెచ్చాను, ఎల్ 5 నాన్నగారూ, అది మీరు చెప్పకపోతే మాకూ బొబ్బలు వచ్చేవి. విటమిన్ డి పరీక్ష చేయించాను, తక్కువే ఉంది, మందు మొదలుపెట్టారు. ఐస్ గుడ్డ చుట్టి పెడుతున్నాను. మానమని చెప్పిన వాళ్ళు బాధపడకండి, రాత్రి రెండింటికి ఏడుస్తుంటే నాకు ఇంకో దారి కనిపించలేదు.

నిన్న రాత్రి దుప్పటి సర్దుదామని గదిలోకి వెళ్ళాను. లైటు ఆర్పి ఉంది, పడుకోలేదు. బ్రేస్‌తో మంచం అంచున నిటారుగా కూర్చుని ఫ్లోర్ రొటీన్ చేతులతో చేస్తోంది. కాళ్ళు కదలడం లేదు, చేతులు మాత్రం, వేలి కొసల దాకా. పెదాలతో లెక్క వేసుకుంటోంది. పల్టీ వచ్చే చోట ఆగి, ఒక క్షణం ఊపిరి బిగబట్టి, మళ్ళీ చేతులు ఎత్తి ల్యాండ్ అయింది. నన్ను చూసి ఆపేసింది. తిడతాననుకుంది.

పక్కన కూర్చుని "ఆ రోజు కారులో ఏం లేదన్నాను కదా, నేను అన్నది తప్పు. నువ్వు చెప్పిందే నిజం" అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నా చెయ్యి తీసుకుని, నా వేలు బ్రేస్ పైన ఒక చోట పెట్టి, "ఇక్కడ. ఇవాళ కొంచెం తక్కువ" అంది.

మీట్‌కు వస్తానంది. స్కోర్లు రాసే పని తనకు ఇమ్మని కోచ్‌కు ఫోన్ చేసి అడిగిందట, నాకు చెప్పకుండానే. అంతసేపు కుర్చీలో కూర్చోవచ్చా, మధ్యలో లేపి నడిపించాలా? బ్రేస్‌తో ఎంతసేపు కూర్చోబెట్టారు మీరు?

ఎల్5_నాన్న:
అరగంటకోసారి లేపండి. మా వాళ్ళు అదే చెప్పారు. వీపు ఆనే కుర్చీ ఇంటి నుంచి తీసుకెళ్ళండి, అక్కడ బెంచీలు తప్ప ఉండవు.